డీట్రిచ్ గొంతు పెట్టిన పరీక్ష: నల్లగొండలో పాత ప్లేట్లు పెన్‌డ్రైవ్‌కెక్కించే దుకాణం

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ఈ చిన్న దుకాణానికి ఎక్కువగా వచ్చేవి ఘంటసాల పాటలు, హరికథలు. వాటిలో తప్పులు తబలా, వయొలిన్ల చాటున దాక్కుంటాయి. పనితనం తేలాలంటే జర్మన్ నటి, గాయని మార్లీన్ డీట్రిచ్ ప్లేటు ఇవ్వాలి. ఆమె పాట సగం మాటలాగే ఉంటుంది: మంద్రంలో, ఊపిరి వినపడేలా. మూడు శాతం స్పీడు పెరిగితే చాలు, శ్రుతి పావు స్వరం దాకా ఎక్కి ఆ గొంతు ఇంకెవరిదో అయిపోతుంది.

1901లో బెర్లిన్‌లో పుట్టిన డీట్రిచ్‌కి పేరు తెచ్చింది 1930 నాటి 'ది బ్లూ ఏంజెల్' సినిమా. దాన్ని జర్మన్‌లో, ఇంగ్లిష్‌లో విడివిడిగా తీశారు కాబట్టి పాటలూ రెండు భాషల్లో ఉన్నాయి. కొనేముందు లేబుల్ చదవండి. ఆ కాలంవి 78 ప్లేట్లు (నిమిషానికి 78 సార్లు తిరిగే లక్క ప్లేట్లు). సినిమాలు తగ్గాక, 1950ల నుంచి స్టేజీ మీద పాడింది (కొన్నేళ్లు అమెరికన్ స్వరకర్త బర్ట్ బకరాక్ సంగీత నిర్వహణలో). ఆ పాటలు ఎల్‌పీల్లో (నిమిషానికి 33⅓ సార్లు తిరిగే వినైల్ ప్లేట్లలో) దొరుకుతాయి. 1975లో సిడ్నీలో స్టేజీ మీద పడి తొడ ఎముక విరగడంతో ఆ ప్రదర్శనలు ఆగిపోయాయి. 78 గాడికి లావు ముల్లు, ఎల్‌పీ గాడికి సన్న ముల్లు. అంటే ఒక్క గాయని కోసమే రెండు రకాల ముల్లు కావాలి.

దుకాణం తడబడేది సరిగ్గా ఇక్కడే.

ఎల్‌పీ పని బాగుంది. ముల్లు బరువు తూచి రెండు గ్రాముల లోపు పెడతారు, ఎర్త్ వైరు బిగిస్తారు, హమ్మింగ్ లేదు. స్పీడు కూడా చుక్కల పలకతో చూస్తారు. మన 50 హెర్ట్జ్ కరెంటుకి 180 చుక్కల వరస నిలిచినట్టు కనిపిస్తే 33⅓ సరిగ్గా ఉన్నట్టు. ఎల్ఈడీ బల్బు కింద ఆ చుక్కలు చాలాసార్లు తేలవని పాత ట్యూబులైటు ఒకటి ఉంచుకున్నారు. మెచ్చుకోవాల్సిన ముందుచూపు.

78కి మాత్రం ఎల్‌పీ ముల్లే వాడుతున్నారు. దాని మొన దాదాపు 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 78 గాడికి కావాల్సింది 76. సన్నముల్లు గాడి అడుగున దిగి దుమ్మును గీరుతుంది. ఆ గరగరను ఫిల్టర్‌తో తీసేస్తే డీట్రిచ్ ఊపిరీ, 'స' 'ష'ల అంచులూ పోయి, ముఖానికి దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. "జర సాఫ్ చేయమంటరా, ఉన్నదున్నట్టు ఉంచాల్నా?" అని అడుగుతరు కదా, ఉన్నదున్నట్టే ఇవ్వమనండి. కుడి ఎడమ చానెళ్లు కలిపి మోనో చేయిస్తే గరగర కొంత దానంతటదే తగ్గుతుంది.

ప్లేటు కడిగే నీళ్ల సంగతీ అడగాలి. మన బోరు నీళ్లలో ఉప్పులెక్కువ. ఆరాక గాడిలో తెల్లగా పేరుకుని చిటపటమంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడించండి. స్పిరిట్ కలిపిన ద్రావణం 78కి తాకనీయొద్దు, లక్క కరిగిపోతుంది.

ఎల్‌పీలు నిశ్చింతగా ఇవ్వొచ్చు. 78లు ఆ లావు ముల్లు తెప్పించేదాకా ఇంట్లోనే ఉండనీయండి. తీసుకెళ్లేటప్పుడు రెండు అట్టల మధ్య నిలబెట్టి పట్టుకోండి. మే నెల ఎండలో కారు సీటు మీద వదిలేస్తే ఎల్‌పీ అప్పడంలా వంకర తిరుగుతుంది.