సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

పాత బైకులు, నీటి పంపులు, కుట్టుమిషన్లు విప్పి బాగుచేస్తుంటాను. చాలాసార్లు అసలు రిపేరు కంటే పట్టేసిన బోల్టు ఊడదీయడానికే ఎక్కువ టైం పోతుంది. ఆ పనికి నా దగ్గరున్న వాటిలో నేను బాగా నమ్మేది సుత్తితో కొట్టే చేతి ఇంపాక్ట్ డ్రైవర్‌ను. బ్యాటరీతో తిరిగేది కాదు, కరెంటుతో పనిలేని బరువైన ఉక్కు కడ్డీ లాంటిది.

పైన సుత్తితో కొడితే లోపలున్న ఏటవాలు గాడి ఆ దెబ్బలో కొంత భాగాన్ని తిప్పే బలంగా మారుస్తుంది. మిగతా బలం బిట్‌ను, అంటే ముందు తగిలించే మొనను, స్క్రూ తలలోకి అదుముతుంది. దీని గొప్పతనమంతా ఈ అదమడంలోనే ఉంది. మామూలు స్క్రూడ్రైవర్‌తో గట్టిగా తిప్పితే బిట్ గాడిలోంచి పైకి జారుతుంది. జారిన ప్రతిసారీ గాడి అంచుల్ని కొంత గీరేస్తుంది. స్క్రూ తలలు పాడయ్యేది అలాగే. ఇక్కడ తిరిగే క్షణంలోనే బిట్ లోపలికి నొక్కుకుని ఉంటుంది కాబట్టి జారడం చాలా అరుదు. ఆ అదురుకి థ్రెడ్ల (బోల్టు మరల) మధ్య తుప్పు కూడా పగులుతుంది.

వాడే పద్ధతి చాలామంది సరిగ్గా చెప్పరు. కొట్టే ముందు డ్రైవర్ బాడీని విప్పే వైపు చేత్తో తిప్పి, ఆ బిగువు వదలకుండా పట్టుకోవాలి. లేకపోతే దెబ్బంతా లోపలి సందులోనే వృథా అవుతుంది. సుత్తి కిలో బరువైనా ఉండాలి. తేలిక సుత్తితో టకటకా కొట్టేకన్నా బరువు సుత్తితో నిటారుగా ఒక్క దెబ్బ వేయడం మేలు. డ్రైవర్ విప్పే వైపు సెట్ అయి ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. కళ్లద్దాలు తప్పనిసరి.

పెట్టెలో దీంతోపాటు వచ్చిన బిట్లు మాత్రం నాకు నచ్చలేదు. మొనలు త్వరగా చిట్లిపోయాయి. మంచి బిట్లు విడిగా కొనుక్కున్నాకే దీని అసలు విలువ తెలిసింది. జపాన్ బైకుల మీద కనిపించే ప్లస్ స్క్రూలు చాలావరకు మామూలుగా దొరికే ఫిలిప్స్ రకం కావు, జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. చాలావాటికి తల మీద ఒక చిన్న చుక్క ఉంటుంది. ఫిలిప్స్ బిట్ ఆ గాడి అడుగుదాకా దిగదు, అంచుల మీదే నిలబడి వాటిని చెక్కేస్తుంది. జేఐఎస్ బిట్ వేసి కొడితే మొండి స్క్రూలు కూడా వచ్చేస్తాయి. బిట్ బదులు బోల్టు తలకు తొడిగే సాకెట్ తగిలించేటట్టయితే నల్లటి ఇంపాక్ట్ సాకెట్టే వాడాలి. మెరిసే క్రోమ్ సాకెట్ దెబ్బకి పగిలి ముక్కలు ఎగరవచ్చు. బోల్టుకి ఆరు మూలల సాకెట్ మంచిది, పన్నెండు మూలలది తొందరగా తలను గుండ్రం చేసేస్తుంది.

ఇది అన్నిచోట్లా పనికిరాదు. కార్బురేటర్ గిన్నె స్క్రూల మీద నేను దీన్ని అస్సలు వాడను, ఆ పోతలోహం పగిలిపోతుంది. కింద ఆనుడు లేని పలుచటి అల్యూమినియం కవరు మీదా, బేరింగుకి సూటిగా పైనున్న చోటా కొట్టను. సుత్తి ఎత్తడానికి చోటు లేని మూలల్లో ఎలాగూ కుదరదు. అలాంటి చోట ఓపికగా నూనె, వేడి మీదే ఆధారపడాలి.

నూనె సంగతి. అందరి చేతిలో ఉండే డబ్ల్యూడీ-40 మొదట 1953లో తేమను తరిమే ద్రవంగా తయారైంది. పేరులోని 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన ఫార్ములా అని. తేలికపాటి తుప్పుకి అది చాలు. గట్టిగా పట్టేసినదానికి తుప్పులోకి దిగడానికే చేసిన పెనెట్రేటింగ్ ఆయిల్ తీసుకోండి. ఏదైనా రాత్రంతా నాననివ్వాలి. నూనె కొట్టి పది నిమిషాలకే పానా పెట్టేవాళ్లని చూస్తే బాధనిపిస్తుంది.

అల్యూమినియం బాడీలో ఇనుప బోల్టు పట్టేస్తే నేను ముందు నమ్మేది వేడిని. ఒక డిగ్రీ వేడికి మీటరు పొడవు అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది, ఉక్కు సుమారు 12. అంటే బోల్టుని కాదు, దాని చుట్టూ ఉన్న బాడీని వేడిచేయాలి. హాట్ ఎయిర్ గన్ చాలాసార్లు సరిపోతుంది. ఎర్ర థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా థ్రెడ్లకు రాసే జిగురు) వేసిన బోల్టుకి దాదాపు 250 డిగ్రీల వేడి తగిలితేగాని పట్టు వదలదు. పెట్రోలు, రబ్బరు సీళ్లు, అప్పుడే కొట్టిన నూనె దగ్గర మంట పెట్టకూడదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ తగిలిన చోట అసలే వద్దు, వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

బోల్టు తల విరిగిపోతే చాలామంది ఎక్స్‌ట్రాక్టర్ సెట్టు కొంటారు, మిగిలిన ముక్కలో కన్నం వేసి దాన్లోకి దించి తిప్పి తీసే పనిముట్టు అది. నేను దాన్ని చివరికి పెట్టుకుంటాను. అది బాగా గట్టిపరిచిన ఉక్కు. చిన్న బోల్టులో అది విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాన్ని కోయలేదు, ఇంకా గట్టిదైన కార్బైడ్ బిట్టో, విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని కోసే ఈడీఎం మిషనో కావాలి. స్క్రూలా మెలికలున్న రకం లోపలికి దిగేకొద్దీ బోల్టుని వెడల్పు చేసి గోడకి ఇంకా బిగిస్తుంది కూడా. దానికి ముందు ఎడమవైపు, అంటే బోల్టు విప్పే వైపు, తిరిగే డ్రిల్ బిట్లు ప్రయత్నించండి. సెంటర్ పంచ్‌తో సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, ఎం6 (6 మిల్లీమీటర్ల) బోల్టుకైతే 3 మిల్లీమీటర్ల బిట్‌తో నెమ్మదిగా మొదలుపెడితే, కోస్తుండగానే చాలాసార్లు ముక్క తిరిగి బయటికొచ్చేస్తుంది. రాకపోయినా కన్నం మధ్యలోనే పడింది కాబట్టి అసలు థ్రెడ్లకు దెబ్బ తగలదు. వెల్డింగు వచ్చినవాళ్లయితే విరిగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డ్ చేయొచ్చు. ఆ వేడే సగం పని చేస్తుంది.

నా డ్రైవర్ తల సుత్తి దెబ్బలకి అంచుల్లో గొడుగులా విచ్చుకుంటూ ఉంటుంది. అప్పుడప్పుడు దాన్ని గ్రైండ్ చేసి చదును చేస్తాను, లేకపోతే ఆ అంచులే విరిగి ఎగరగలవు. లోపలి గాడికి ఎప్పుడైనా కాస్త గ్రీజు, అంతకుమించి సేవలేమీ అడగలేదు. లోపలి స్ప్రింగు ఇంకా గట్టిగానే ఉంది. తిరిగి బిగించేటప్పుడు థ్రెడ్లకు మళ్లీ పట్టేయకుండా రాగి యాంటీ సీజ్ పేస్టు రాసి, అప్పుడు టార్కు (తిప్పే బలం) కొంచెం తగ్గించి బిగిస్తాను. ఆ పేస్టు జారుడు వల్ల అదే టార్కుకి బోల్టు ఎక్కువ సాగుతుంది.