‘టీచ్’ పరిశీలన పత్రం: ఆడ, మగ టీచర్లకు ఒకే తూకమేనా?

హైస్కూల్లో ఆడ టీచర్లు బాగా చెబుతున్నారా, మగ టీచర్లా అని తేల్చేముందు ఆ మార్కులు ఎవరు, ఏం చూసి వేశారో అడగాలి. క్లాసులో కూర్చుని చూసి టీచరు బోధనకు స్కోరు వేయడానికి ప్రపంచ బ్యాంకు 2019లో విడుదల చేసిన ‘టీచ్’ ఈ విషయంలో నమ్మదగిన పత్రం. మొదట ప్రాథమిక తరగతులకు వచ్చింది, తర్వాత హైస్కూలుకు వేరే రూపం ఇచ్చారు. ఉచితంగా దొరుకుతుంది.

పరిశీలకులు 15 నిమిషాల చొప్పున రెండు భాగాలు చూస్తారు. విన్నది విన్నట్టు రాసుకుని, భాగం పూర్తికాగానే ఆ రాతలు ముందుపెట్టుకుని ఒక్కో అంశానికి 1 నుంచి 5 దాకా స్కోరు వేస్తారు. ‘క్లాసు మీద పట్టుంది’ అని రాస్తే చాలదు. ‘ఆరు ప్రశ్నలు అడిగారు, నాలుగు వెనక బెంచీలకు’ అని ఉండాలి. దీని బలమంతా ఇక్కడే. ఉత్త అభిప్రాయం రాయమంటే, మగ టీచరు గొంతు పెంచితే క్రమశిక్షణ అంటారు, ఆడ టీచరు పెంచితే చిరాకు అంటారు.

విద్యార్థుల రేటింగుల మీద ఆధారపడితే ఏమవుతుందో 2015లో వెలువడిన ఒక ప్రయోగం చూపింది. అది కాలేజీ స్థాయి ఆన్‌లైన్ కోర్సు, టీచరు ఆడో మగో విద్యార్థులు పేరును బట్టే అనుకోవాలి. దిద్దిన పేపర్లు అందరికీ ఒకే సమయానికి అందాయి. అయినా టీచరు మగ అనుకున్నవాళ్లు సమయపాలనకు 5కి 4.35 ఇచ్చారు, ఆడ అనుకున్నవాళ్లు 3.55 ఇచ్చారు. అదే పని, అదే వేళ!

‘టీచ్’లో లోటు ఒకటుంది. టీచరు పిల్లల దగ్గర ఆడ-మగ వివక్ష చూపారా అని పత్రం అడుగుతుంది గానీ, పరిశీలకుడు టీచరు మీద చూపే వివక్షను పట్టే గడి లేదు. అది మనమే కట్టుకోవాలి. కొన్ని క్లాసులకైనా ఒక ఆడ, ఒక మగ పరిశీలకుణ్ని కూర్చోబెట్టి, మాట్లాడుకోనీకుండా విడివిడిగా స్కోరు వేయించాలి. ఏ అంశంలోనైనా తేడా ఒక పాయింటు దాటితే ఇద్దరి రాతలూ పక్కపక్కన పెట్టి చూడాలి. సగటు తీసి సర్దేస్తే వివక్ష అందులోనే దాక్కుంటుంది.

స్కోరు షీట్‌లో సబ్జెక్టు, తరగతి, పిల్లల సంఖ్య, పీరియడ్, సర్వీసు అని ఐదు గడులు కలపండి. 30 మంది ఉన్న సెక్షన్‌లో మొదటి పీరియడ్ ఒకరికి, 60 మంది సెక్షన్‌లో చివరి పీరియడ్ ఇంకొకరికి ఇచ్చి స్కోర్లు పోల్చితే, బయటపడేది టైంటేబుల్ వేసినవాళ్ల పనితీరు. ఒక్కో టీచరును ఒక్కసారే చూసి తేల్చడం కూడా తప్పే.

ఖర్చు పరిశీలకుల శిక్షణకు. శిక్షణ చివర పరీక్ష పాసైనవాళ్లే స్కోరు వేయాలి. దానికి వీలు లేకపోతే పత్రాన్ని జిరాక్స్ తీసి పంచకండి, ఆ స్కోర్లతో ఆడ-మగ పోలిక అసలే వద్దు.