చిన్న లోడర్ స్టార్ట్ కావడం లేదా: గ్లో ప్లగ్ తప్పా, డీజిల్ లైన్‌లో గాలా?

ముందు సెల్ఫ్ కొడుతూ సైలెన్సర్ వైపు చూడండి. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, మండటం లేదు: స్టార్ట్ చేసే ముందు చల్లటి ఇంజిన్ లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్‌లను అనుమానించాలి. పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు. గాలి పట్టి ఉండొచ్చు.

గ్లో ప్లగ్ పాడైతే పొద్దున చల్లగా ఉన్నప్పుడే మొండికేస్తుంది, వేడెక్కాక వెంటనే అందుకుంటుంది. ప్లగ్‌లను కలిపే పట్టీ విప్పి, ఒక్కోదాన్ని మల్టీమీటర్‌తో చూడండి. మామూలుగా 2 ఓమ్‌ల లోపే ఉంటుంది. రీడింగే రాకపోతే అది పోయినట్టే. అన్నీ బాగుంటే కీ హీట్‌లో పెట్టి పట్టీకి కరెంటు వస్తోందో లేదో చూడాలి. రాకపోతే రిలే, ఫ్యూజ్ వెతకండి.

గాలి సంగతి తిప్పలు పెడుతుంది. పంపు లాగే వైపు పైపు చీలితే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి దూరుతుంది. బండి రాత్రంతా నిలబడితే డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. ఫిల్టర్ దగ్గర పారదర్శక పైపు ముక్క పెడితే బుడగలు కళ్లారా కనిపిస్తాయి. గట్టిపడిన పైపు, వదులైన క్లిప్, ఫిల్టర్ ఓ-రింగ్: ఎక్కువగా ఇవే. సరిచేశాక గాలి బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా హ్యాండ్ పంపు కొట్టండి.

మేమైతే పొగ ఎలా ఉన్నా ముందు బ్యాటరీ చూస్తాం: సెల్ఫ్ కొట్టేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ 9.6 కంటే కిందికి పడితే ఇంజిన్ చాలినంత వేగంగా తిరగదు. గ్లో ప్లగ్‌లున్న ఇంజిన్‌లో ఈథర్ స్ప్రే (త్వరగా స్టార్ట్ కావడానికి గాలి దారిలో కొట్టేది) కొట్టకండి, పిస్టన్ పగలొచ్చు.