నల్లగొండ ఎండల్లో ఇన్వర్టెడ్ రూఫ్: ఏళ్ల తరబడి వాడాక

మే నెలలో 45 డిగ్రీలు తగిలే ఊరు మాది. పై అంతస్తులో పగలు ఉండలేక మొదట కూల్ పెయింట్ వేయించాం. దుమ్ము పట్టి తెల్లదనం పోయాక దాని పని కూడా పోయింది. తర్వాతే ఇన్వర్టెడ్ రూఫ్‌కు వెళ్లాం.

మామూలు డాబాకు వాటర్‌ప్రూఫింగ్ పొర పైనే ఉండి ఎండకు ఎండుతుంది. ఇందులో అది వేడిని ఆపే బోర్డుల కిందికి పోతుంది. స్లాబుకు వాటం సరిచేసి, పిట్టగోడ మూలల్లో గోలా (సిమెంటుతో గుండ్రటి వంపు) తీసి, తారు మెంబ్రేన్ అతికించారు, అదే వాటర్‌ప్రూఫింగ్ షీటు. దాని మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (నీళ్లు అంతగా పీల్చని గట్టి ఫోమ్) బోర్డులు, ఆపైన నీళ్లను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ. సగం డాబాకు గులకరాళ్లు, సగానికి సిమెంటు పలకలు. ఈ బరువు లేకపోతే బోర్డులు గాలికి లేస్తాయి, నీళ్లు నిలిస్తే తేలతాయి. ఖర్చు తగ్గుతుందని థర్మోకోల్ వేస్తామంటే ఒప్పుకోవద్దు. అది నీళ్లు పీలుస్తుంది, తడిశాక వేడిని సరిగా ఆపదు.

మొన్న నీళ్లు పోయే జాలీ దగ్గర ఒక బోర్డు లేపి చూశాను. కింద మెంబ్రేన్ నల్లగా, గోరుతో నొక్కితే దిగేంత మెత్తగా ఉంది. అదే రోలు పిట్టగోడ మీదికి ఎక్కి ఎండ తగిలే చోట బూడిద రంగు తిరిగి నెర్రెలు విచ్చింది. నా మటుకు ఈ పద్ధతికి పెట్టిన డబ్బంతా ఈ తేడాకే.

వేడి సంగతి? సాయంత్రం స్లాబు నుంచి దిగే సెగ బాగా తగ్గింది. పడమటి గోడ మాత్రం ఎప్పటిలాగే కాలుతుంది. ఏసీ తీసేయొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

చిరాకులూ ఉన్నాయి. గులకరాళ్లలో మట్టి చేరి రావి మొక్కలు మొలుస్తాయి, ఏటా వానలకు ముందు పీకాలి. కోతులకు ఆ రాళ్లతో ఆటలు, పక్కింటి రేకుల మీద పడితే మాటలు మాకు. మిరపకాయలు, వడియాలు పలకల వైపే ఎండబెట్టుకోవాలి.

అసలు టెన్షన్ లీకేజీ వస్తేనే. నీళ్లు ఒకచోట దిగి ఇంకోచోట కారతాయి, వెతకాలంటే పైనున్నదంతా తీయాలి. అందుకే బోర్డులు పరచకముందే 48 గంటలు నీళ్లు కట్టి చూడండి. మేస్త్రీ తొందరపెట్టినా మేం ఆగాం. పైపు చుట్టూ చెమ్మ అప్పుడే బయటపడింది, అప్పుడే అతుకు వేశారు. తర్వాత సోలార్ స్టాండు కోసం డ్రిల్లు పెట్టనివ్వలేదు, దిమ్మెల మీద నిలబెట్టించాం.

రెండు అంగుళాల గులకరాళ్లంటే చదరపు మీటరుకు సుమారు 80 కిలోలు. పాత స్లాబైతే ముందు ఇంజనీరుకు చూపించండి, బోర్డుల కొటేషన్ తర్వాత.