మడత కీ లొడలొడలాడుతుంటే ఏది మేలు: టేపా, పిన్నా, కొత్త షెల్లా?

బటన్ నొక్కగానే టక్కున తెరుచుకునే ఫ్లిప్ కీ కొత్తలో ఎంత గట్టిగా ఉంటుందో, కొన్నేళ్లు వాడాక అంత వదులైపోతుంది. జేబులో గలగల, ఇగ్నిషన్‌లో పెడితే గతుకుల రోడ్డు మీద లొడలొడ. మా కారు కీ ఇలా అయినప్పుడు మొదట్లో పట్టించుకోలేదు. ఒకరోజు డోర్ తాళం తిప్పుతుంటే చేతిలో ఉన్న తల భాగం ముందు కదిలి, బ్లేడు ఒక క్షణం ఆలస్యంగా తిరిగింది. ఇంకో నెల ఇలాగే వాడితే బ్లేడు ఊడి తాళంలోనే ఉండిపోతుందేమోనని భయం వేసింది. అప్పటి నుంచి మావి రెండు, మా బావగారిది ఒకటి, మొత్తం మూడు తాళంచెవులు నేనే విప్పి బిగించాను. కాబట్టి ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో చేసి చూసిన మాటే చెబుతున్నా.

ముందు ఒక్క నిమిషం శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో చూడండి, ఎందుకంటే ఏది మేలో తేల్చేది అదే. బ్లేడు తెరిచి రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందకీ, పక్కలకీ కదపండి. బ్లేడు ఒక్కటే కదిలి, దాని మొదట్లో ఉన్న గుండ్రటి భాగం (బటన్ నొక్కితే తిరిగేది అదే) కదలకుండా ఉంటే లోపం ఆ రెండింటినీ కలిపి ఉంచే చిన్న పిన్నుది. రెండూ కలిసి ఊగుతుంటే అరిగింది ప్లాస్టిక్ షెల్లు, అంటే కీ పైపెట్టె. రెండూ గట్టిగా ఉండి, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల ఏదో కొట్టుకుంటుంటే అది బ్యాటరీ, లేకపోతే ఊడిన స్క్రూ, లేకపోతే రిమోట్ బోర్డు.

ఈ మూడోది ఐదు నిమిషాల పని. చాలాసార్లు బ్యాటరీ మార్చినప్పుడే ఇది మొదలవుతుంది. 2032 నంబరు బ్యాటరీ ఉండాల్సిన చోట షాపులో 2016 వేసి ఇస్తారు, రెండూ 3 వోల్టులే కాబట్టి రిమోట్ పనిచేస్తూనే ఉంటుంది, మనకు అనుమానం రాదు. కానీ ఆ అంకెల్లోనే కొలత ఉంది: మొదటి 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, చివరి 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం, 16 అంటే 1.6. అంటే సగానికి సగం మందం తగ్గి, ఆ సందులో బ్యాటరీ కొట్టుకుంటూ ఉంటుంది. సరైన సైజు వేస్తే శబ్దం పోతుంది. అప్పటికీ బోర్డు కదులుతుంటే మూతకీ బోర్డుకీ మధ్య, కాంటాక్టులకు తగలకుండా, పల్చటి స్పాంజి ముక్క పెట్టండి చాలు.

ఇక బ్లేడు వదులైనప్పుడు అందరూ ముందు చేసేది టేపు. బ్లేడు మొదట్లో ఇన్సులేషన్ టేపు, లేదా నల్లాలకు చుట్టే టెఫ్లాన్ టేపు ఒకటి రెండు చుట్లు. పైసా ఖర్చు లేదు, శబ్దం ఆ క్షణంలోనే ఆగుతుంది. నేనూ చుట్టాను. మా కీకి మూడు వారాలు ఆగింది. ఎండలో ఆపిన కారులో జిగురు కరిగి, దానికి జేబులోని దుమ్మంతా అంటుకుని, చివరికి కీ పూర్తిగా మడతపడకుండా సగంలో ఆగిపోవడం మొదలైంది. ఊళ్లో పెళ్లి ఉంది, రేపు పొద్దున్నే ప్రయాణం, ఇప్పుడు విప్పే తీరిక లేదు అన్నప్పుడు టేపు పర్వాలేదు, తిరిగొచ్చాక తీసేయాలి.

సూపర్ గ్లూ మాత్రం వద్దు. మా బావగారు ఒక్క చుక్కే కదా అని పిన్ను దగ్గర వేశారు. ఆ జిగురు నీళ్లలా పల్చన, సందు ఎక్కడుంటే అక్కడికి పాకిపోతుంది. తెల్లారేసరికి స్ప్రింగు ఉన్న గుండ్రటి భాగం షెల్లుకు అతుక్కుపోయింది, చుట్టూ నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి మచ్చలు. పిన్నుతో పోయే పని షెల్లు మార్చేదాకా వచ్చింది.

నన్నడిగితే, బ్లేడు ఒక్కటే కదిలే కీకి అన్నిటికన్నా మేలు పిన్ను మార్చడం. చాలా ఫ్లిప్ కీలలో బ్లేడును గుండ్రటి భాగానికి పట్టి ఉంచేది ఒకే ఒక్క రోల్ పిన్ను. చేతిలోకి తీసుకుని చూస్తే బియ్యపు గింజంత ఉంటుంది, స్ప్రింగు స్టీలు రేకును గొట్టంలా చుట్టినట్టు, పొడుగునా ఒక చీలిక. తనకంటే కాస్త చిన్న రంధ్రంలోకి నొక్కినప్పుడు ఆ చీలిక మూసుకుని, మళ్లీ విచ్చుకోవాలని తోస్తూ రంధ్రాన్ని పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి తిప్పగా తిప్పగా పిన్నైనా అరుగుతుంది, రంధ్రమైనా పెద్దదవుతుంది, ఒక్కోసారి పిన్ను సగం బయటికి జారి ఉంటుంది. సగం జారినదైతే కొత్తది కూడా అక్కర్లేదు, మెల్లగా తట్టి లోపలికి పంపితే సరి.

పిన్ను తీయడానికి పెద్ద సామాన్లేమీ వద్దు. అదృష్టం బాగుంటే కీ విప్పకుండానే, బ్లేడు సగం తెరిచి పెడితే పిన్ను తల కనిపిస్తుంది. పిన్ను కంటే సన్నటి డ్రిల్ బిట్ ఒకటి తీసుకుని దాని వెనక వైపు, నున్నగా ఉండే కొస, పిన్ను మీద ఆనించి చిన్న సుత్తితో తట్టాలి. కింద చెక్క ముక్క పెట్టండి, దానికి పిన్ను దిగేంత రంధ్రం ఉండాలి. నేను మొదటిసారి కింద ఆధారం లేకుండా కొట్టాను, ప్లాస్టిక్ పక్క చీలింది. గట్టిగా ఒక్క దెబ్బ కాదు, పది చిన్న దెబ్బలు. పాత పిన్నును పట్టుకెళ్లి హార్డ్‌వేర్ షాపులోనో ఆటోనగర్ లాంటి చోటో వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే స్కేలు) కొలిపించుకుని అదే సైజు తెచ్చుకోండి. రంధ్రం పెద్దదైపోయిందని లావు పిన్ను బలవంతంగా దిగ్గొట్టకండి, చుట్టూ పగులుతుంది. రంధ్రం గుండ్రంగా లేకుండా కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిందంటే పిన్ను దశ దాటిపోయినట్టే, షెల్లు చూసుకోవాలి.

షెల్లు అంటే లోపల ఏమీ లేని ఖాళీ పెట్టె, రబ్బరు బటన్లు, కొత్త స్ప్రింగు, కోయని బ్లేడు. ఆన్‌లైన్‌లో మా కీది 400లోపే దొరికింది. వదులైన భాగాలన్నీ ఒక్కసారే కొత్తవైపోతాయి, అది దీని గొప్పతనం. అయితే చాలామంది అనుకోనిది ఒకటుంది: మీ పాత బ్లేడును కొత్త షెల్లులో పెట్టాలంటే ఎలాగూ పిన్ను తీయాల్సిందే. లేదంటే కొత్త బ్లేడును తాళాలు చేసేవారి దగ్గర కోయించాలి, అరిగిన కీని చూసి కోస్తే ఆ అరుగుదల కూడా అచ్చు దిగుతుంది. అందుకే షెల్లు కొన్నా నేను పాత బ్లేడే వాడాను.

ఇందులో అసలు టెన్షన్ చిప్పుతో. తలుపులు తెరిచే రిమోట్ బోర్డు వేరు, ఇంజిన్‌కు అనుమతి ఇచ్చే ట్రాన్స్‌పాండర్ చిప్పు వేరు. ఆ చిప్పుకు బ్యాటరీ అక్కర్లేదు, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ నుంచే శక్తి తీసుకుంటుంది. కొన్ని కీలలో అది బోర్డు మీదే ఉంటుంది, కొన్నిటిలో షెల్లు మూలన నల్లటి చిన్న ముక్కలాగానో గాజు గొట్టంలాగానో విడిగా ఉంటుంది. దాన్ని పాత షెల్లుతో పాటు చెత్తబుట్టలో వేశారా, తలుపులు తెరుచుకుంటాయి, కీ తిరుగుతుంది, కారు మాత్రం స్టార్ట్ కాదు. అందుకని విప్పేటప్పుడు ప్రతి దశా ఫోన్‌లో ఫోటో తీసుకోండి, కారు స్టార్ట్ అయ్యేదాకా పాత షెల్లు పారేయకండి. స్ప్రింగును ముందే కాస్త తిప్పి బిగుతు ఇచ్చి మూయాలి, లేకపోతే బటన్ నొక్కినా బ్లేడు నీరసంగా సగం లేచి ఆగుతుంది. నాకు నాలుగోసారికి కుదిరింది.

షోరూమ్‌లో కొత్త కీ వేలల్లో మాట, ఆర్సీ చూపించాలి, ప్రోగ్రామింగ్ చేయించాలి. ఉన్నది ఒకటే కీ, దాని బోర్డు కూడా పాడైంది అంటే అదే దారి. శబ్దం ఒక్కదాని కోసమైతే ఆ ఖర్చు దండగ. ఒకటే కీ ఉన్నవాళ్లు ఇంట్లో సుత్తి పట్టుకోకండి, తాళాలు చేసేవారి ఎదురుగా కూర్చుని పిన్ను మార్పించుకోండి.

మీరు ఏది చేసినా కీచైన్ బరువు తగ్గించండి. ఇంటి తాళాలు, బీరువా తాళం, ఇత్తడి బొమ్మ అన్నీ దానికే వేలాడుతుంటే ప్రతి గతుకుకూ ఆ బరువంతా లాగేది పిన్నునే. 2014లో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ లోపంతో లక్షల కార్లను వెనక్కి పిలిచినప్పుడు, రిపేరు అయ్యేదాకా రింగులో కారు కీ తప్ప ఇంకేమీ ఉంచవద్దని యజమానులకు చెప్పింది. అక్కడ లోపం స్విచ్చుది, కానీ వేలాడే బరువు ఎంత పని చేస్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది. పిన్ను మార్చిన మా కీకి ఇప్పుడు ఒక్క రింగే ఉంది, ఏడాదిన్నర అయింది, వేళ్లతో కదిపి చూస్తే ఇంకా బిగుతుగానే ఉంది.