ఏప్రిల్ పరీక్షలకు ముందు ఆరు వారాలు: మా మిడిల్ స్కూలు కౌన్సెలింగ్ సేవపై సమీక్ష

టెక్సాస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక శివారు పట్టణంలో మేము ఉంటున్నాం. మా అమ్మాయి చదివే మిడిల్ స్కూలులో, ప్రతి ఏప్రిల్‌లో జరిగే స్టార్ పరీక్షలకు ముందు, కౌన్సెలింగ్ విభాగం వారు ఆరు వారాల పాటు పిల్లలను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి ఒక కార్యక్రమం నడుపుతారు. పరీక్షల కాలంలో పిల్లల నిద్ర, ఆకలి, ధైర్యం చెదరకుండా చూడడం దాని ఉద్దేశం. గత వసంతంలో, ఏడో తరగతిలో ఉండగా, మా అమ్మాయి అందులో చేరింది. రుసుము ఏమీ లేదు. తల్లిదండ్రుల సమ్మతి పత్రం ఉంటే చాలు. తమ పిల్లల బడిలో ఇలాంటి సేవ ఉందో లేదో కనుక్కోని తెలుగు కుటుంబాలు మా చుట్టుపక్కలే చాలా ఉన్నాయి కనుక, అందులో ఏది ఉపయోగపడిందో, ఏది ఉపయోగపడలేదో వివరంగా రాస్తున్నాను.

స్టార్ అనేది 2012 నుంచి టెక్సాస్ ప్రభుత్వ బడుల్లో జరుగుతున్న రాష్ట్రస్థాయి పరీక్ష. ఆరు, ఏడు తరగతుల వారికి ఇంగ్లిషు, గణితం ఉంటాయి. ఎనిమిదో తరగతిలో వాటికి సైన్సు, సాంఘిక శాస్త్రం తోడవుతాయి. 2023లో పరీక్ష స్వరూపం మారింది. దాదాపు అందరూ కంప్యూటర్ మీదే రాస్తున్నారు, నాలుగింటిలో ఒకటి గుర్తించే తరహా ప్రశ్నలు 75 శాతానికి మించకూడదన్న నిబంధన అమలులోకి వచ్చింది, ఇంగ్లిషులో ప్రతి తరగతికీ ఒక వ్యాసరూప సమాధానం చేరింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పరీక్షను 85 శాతం మంది మూడు గంటల్లో ముగించగలిగేలా రూపొందించాలని చట్టం చెబుతున్నా, బడి వదిలే వేళ దాకా రాస్తూనే ఉన్న పిల్లలు మా అమ్మాయి గదిలోనూ ఉన్నారు. పన్నెండేళ్ల పిల్ల అంతసేపు తెర ముందు నిశ్శబ్దంగా కూర్చోవాలంటే కావలసిన ఓర్పు దానంతట అది రాదు. దాన్ని ఎవరో ఒకరు నేర్పాలి.

ఫిబ్రవరిలో మా అమ్మాయికి సోమవారం ఉదయాల్లో కడుపునొప్పి మొదలైంది. రెండు వారాలు అజీర్తి అనుకుని వాము నీళ్లు ఇచ్చాం. మూడో వారం పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకువెళితే, శరీరంలో లోపమేమీ కనిపించడం లేదనీ, బడిలో ఒత్తిడి ఏదైనా ఉందేమో కనుక్కోమనీ ఆమె చెప్పారు. అప్పుడు బడి నుంచి వచ్చిన పాత ఈమెయిళ్లు వెతికితే ఈ కార్యక్రమం గురించిన ప్రకటన దొరికింది. కౌన్సెలర్‌కు రాసిన మర్నాడే ఆమె నుంచి ఫోను వచ్చింది. ఒక్కో కౌన్సెలర్‌కు 250 మంది విద్యార్థులకు మించి ఉండకూడదని అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ సిఫారసు చేస్తుంది. మా బడిలో ఆ సంఖ్య నాలుగు వందలు దాటింది. అంతమందిని చూసుకుంటూ కూడా ఆమె మా అమ్మాయి పేరును సరిగ్గా పలికి, ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తుందన్న సంగతి గుర్తు పెట్టుకుని మాట్లాడడం నాకు ఊరటనిచ్చింది.

తరగతులు ప్రతి గురువారం ఉదయం, పాఠాలు ఉండని అడ్వైజరీ పీరియడ్‌లో ముప్పై నిమిషాలు జరిగాయి. బృందానికి ఎనిమిది మంది పిల్లలు. మొదటి వారం మనిషి ఆకారం గీసిన ఒక కాగితం ఇచ్చి, భయం శరీరంలో ఎక్కడ తెలుస్తుందో అక్కడ రంగు వేయమన్నారు. మా అమ్మాయి పొట్ట నిండా ఎరుపు వేసి తెచ్చింది. ఆ నొప్పి బడికి ఎగనామం పెట్టడానికి చెప్పిన సాకు కాదని ఆ కాగితం చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది. రెండో వారం శ్వాస నేర్పారు: నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చడం, అంతసేపు నిలపడం, అంతసేపు వదలడం, మళ్లీ అంతసేపు ఆగడం. గుంటూరులో మా నాన్నగారు తెల్లవారుజామున డాబా మీద చేసే ప్రాణాయామం కూడా ఇలాగే ఉంటుంది కదా అని అమ్మాయి వీడియో కాల్‌లో అడిగితే, ఆయన సంతోషానికి హద్దు లేదు. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం తాతయ్య, మనవరాలు చెరో తెర ముందు కూర్చుని కాసేపు కలిసి చేస్తున్నారు.

మూడో వారం నేర్పినదే ఈ సేవ మొత్తంలో అన్నింటికన్నా విలువైనదని నా అభిప్రాయం. పరీక్షకు ముందు పది నిమిషాలు, ఎవరికీ చూపించనవసరం లేకుండా, మనసులోని భయాలన్నీ కాగితం మీద రాయడం, అంతే. చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు జెరార్డో రమిరెజ్, సియాన్ బైలాక్ 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా రాసిన విద్యార్థులు, ముఖ్యంగా పరీక్షలంటే ఎక్కువగా భయపడేవారు, మెరుగైన ఫలితాలు సాధించారని తేలింది. లెక్క చేసేటప్పుడు అంకెలను మనసులో పట్టి ఉంచే చోటును భయం ఆక్రమించుకుంటుందనీ, రాసేస్తే ఆ చోటు కొంత ఖాళీ అవుతుందనీ కౌన్సెలర్ పిల్లలకు వివరించారు. మా అమ్మాయి ఇక్కడి పిల్లలకు తెలుగు నేర్పే మనబడిలో నేర్చుకున్న తెలుగు అక్షరాలతో రాసింది, పక్క పిల్లలు చూసినా చదవలేరని. ఆ కాగితాన్ని చింపేసే ముందు ఒక్క వాక్యం మాత్రం తనంతట తనే నాకు చెప్పింది: "తప్పితే మళ్లీ ఏడో క్లాసే చదవాలి."

ఆ మాట విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే అది నిజం కాదు. ఒకప్పుడు ఐదు, ఎనిమిది తరగతుల్లో ఈ పరీక్ష ఉత్తీర్ణత పై తరగతికి వెళ్లడంతో ముడిపడి ఉండేది. 2021లో వచ్చిన చట్టం ఆ ముడిని కూడా తీసేసింది. కనీస స్థాయి అందుకోని పిల్లలకు ఆ సబ్జెక్టులో అదనపు బోధన ఇస్తారు. ఈ సంగతిని నాలుగో వారం కౌన్సెలర్ బల్ల చుట్టూ కూర్చున్న ఎనిమిది మందికీ తేటతెల్లంగా చెప్పారు. వారిలో ఐదుగురు అప్పటిదాకా మా అమ్మాయిలాగే అనుకుంటున్నారట. నెలల తరబడి పిల్లలు మోసిన బరువులో ఎంతో భాగం ఒక్క సరైన సమాచారంతో దిగిపోయింది. ఆ మాట బృందంలోని ఎనిమిది మందికే కాక బడిలోని పిల్లలందరికీ, సంవత్సరం మొదట్లోనే చెప్పి ఉండవలసింది.

అదే వారం ఇంగ్లిషు టీచరు కూడా వచ్చి, అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్న రాష్ట్ర అభ్యాస పరీక్షను పిల్లల చేత తెరిపించి, లాగి అతికించే ప్రశ్నలు, వాక్యాలకు రంగు పూసే పరికరం, వ్యాసం టైపు చేసే పెట్టె ఎలా ఉంటాయో అలవాటు చేశారు. మార్కుల ప్రసక్తి లేకుండా, కొత్తదనం పోవడానికి మాత్రమే చేసిన అభ్యాసం అది.

ఐదో వారం నిద్ర లెక్క రాసుకోమన్నారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని చెబుతుంది. పన్నెండేళ్ల మా అమ్మాయి లెక్క సగటున ఏడున్నర గంటలు వచ్చింది. కౌన్సెలర్ నాకు ఫోను చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: ఈ నెల రోజులు పిల్ల వారంలోంచి ఏది తీసేయగలరు? నేను వెంటనే కూచిపూడి అన్నాను. ఆమె కాసేపు ఆగి, అమ్మాయి నవ్వుతూ మాట్లాడేది ఆ ఒక్కదాని గురించే అన్నారు. దాంతో నృత్యం ఉంచి, బుధ, శనివారాల గణితం కోచింగ్‌ను ఏప్రిల్ నెలాఖరు దాకా మాన్పించాం. ఇది తేలిక నిర్ణయం కాదు. ఐదో తరగతి గణిత పరీక్షలో గానీ తత్సమానమైన స్థానిక కొలమానంలో గానీ మొదటి 40 శాతంలో నిలిచిన పిల్లలను ఆరో తరగతిలో నేరుగా ఉన్నతస్థాయి గణితంలో చేర్చాలని 2023లో చట్టం వచ్చినప్పటి నుంచి, మా వాళ్లలో ఈ పరీక్ష పట్ల ఆందోళన ఇంకా పెరిగింది. ఆ ఆందోళనను నేను తక్కువ చేయడం లేదు. కానీ జూన్‌లో ఫలితాలు రాగానే వాట్సాప్ గ్రూపుల్లో "మీ అమ్మాయికి మాస్టర్స్ వచ్చిందా" అని అడుగుతుంటే, ఆ ప్రశ్న వంటగదిలోంచి పిల్లల చెవిన పడుతూనే ఉంటుంది. మాస్టర్స్ అంటే ఈ పరీక్షలోని నాలుగు స్థాయుల్లో పైది. దాని కింద ఉన్న మీట్స్ స్థాయి కూడా తరగతికి తగిన పరిజ్ఞానం ఉందనే చెబుతుంది.

ఇక లోపాలు. పరీక్షకు ముందురోజు వ్యాయామశాలలో బడి మొత్తాన్ని కూర్చోబెట్టి డప్పులతో, కేకలతో ఉత్సాహసభ జరిపారు. చాలామంది పిల్లలకు అది సరదాగానే ఉండవచ్చు, కానీ ఐదు వారాలు మెల్లగా కుదుటపడిన పిల్లలకు ఆ హోరు "రేపు ఏదో పెద్ద ఆపద" అన్న భావన తిరిగి తెచ్చింది; మా అమ్మాయి ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. వరండాలో తరగతుల వారీగా అభ్యాస పరీక్షల సగటులు అతికించడం కూడా కౌన్సెలర్ చేస్తున్న పనికి పూర్తిగా విరుద్ధం. తల్లిదండ్రుల కోసం పెట్టిన ఒకే ఒక్క సమావేశం మధ్యాహ్నం రెండు గంటలకు. ఉద్యోగాలు చేసేవారిలో ఎంతమంది రాగలరు? నాతో కలిపి తొమ్మిది మందిమి ఉన్నాం. ఇంటికి వచ్చిన సూచనల పత్రాలు ఇంగ్లిషులో, స్పానిష్‌లో మాత్రమే ఉన్నాయి. మా ఇంట్లో సాయంత్రాలు అమ్మాయిని చూసుకునేది మా అత్తగారు. పిల్లకు ఈ ఆరు వారాలు ఏమి నేర్పుతున్నారో ఆవిడకు నేను రాత్రిపూట చెబితే తప్ప తెలిసే దారి లేదు.

ఆరు వారాల బృందం సరిపోని పిల్లల విషయంలో కౌన్సెలర్ చూపించిన దారి కూడా చెప్పాలి. 2019లో టెక్సాస్ శాసనసభ చేసిన చట్టం ద్వారా ఏర్పడిన టీచాట్ అనే సేవ కింద, బడి సిఫారసు చేసిన విద్యార్థులకు వైద్య కళాశాలల నిపుణులు వీడియో ద్వారా ఉచితంగా మానసిక వైద్యసహాయం అందిస్తారు. దీనికీ తల్లిదండ్రుల సమ్మతి కావాలి. మాకు ఆ అవసరం రాలేదు, కానీ ఉందన్న ధైర్యం తోడుంది. ఇంకా అత్యవసరమైతే 2022 జూలై నుంచి దేశమంతటా రాత్రింబవళ్లు పనిచేస్తున్న, ఆత్మహత్య ఆలోచనల్లో, మానసిక సంక్షోభంలో ఉన్నవారికి సాయపడే 988 ఫోను నంబరు మా అమ్మాయి ఐడీ కార్డు వెనక ముద్రించి ఉంది. దాన్ని చూసి భయపడకుండా, అది ఎందుకో తనతో కూర్చుని మాట్లాడాం.

పరీక్ష రోజు పొద్దున పెరుగన్నం తిని, కారులో పది నిమిషాలు తన కాగితం రాసుకుని లోపలికి వెళ్లింది. మధ్యలో వ్యాసం దగ్గర గుండె దడ వచ్చిందనీ, నాలుగు లెక్కల శ్వాస మూడుసార్లు తీసుకున్నాననీ సాయంత్రం చెప్పింది. కడుపునొప్పి ఏప్రిల్‌లో ఒక్కసారే వచ్చింది. ఫలితం ఏ స్థాయి వచ్చిందో ఇక్కడ రాయను. రాయవద్దని తను అడిగింది.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఇంటిదాకా రాని సమాచారం కోసం, ఆ సభ కోసం. ఆందోళన బయటికి కనిపించని, బాగా చదివే పిల్లలకు ఈ సేవ మరీ అవసరం, వారిని ఎవరూ అడగరు కనుక. 2025లో ఆమోదించిన చట్టం ప్రకారం 2027-28 విద్యాసంవత్సరం నుంచి స్టార్ స్థానంలో సంవత్సరానికి మూడు చిన్న పరీక్షలు రానున్నాయి. అప్పుడు ఈ బృందాలు వసంతానికే పరిమితమైతే సరిపోదని, ఆగస్టు నుంచే మొదలుపెట్టాలని కౌన్సెలర్‌కు రాశాను.

చేరదలచినవారికి ఒక సూచన. సమ్మతి పత్రం ఫిబ్రవరి మొదట్లో ఈమెయిల్‌లో వస్తుంది, బృందాలు త్వరగా నిండుతాయి. అందులో ఇంటికి పంపే సమాచారం ఏ భాషలో కావాలని ఒక గడి ఉంటుంది. నిరుడు నేను ఆలోచించకుండా ఇంగ్లిషు అని నింపాను. ఇంగ్లిషు రాని కుటుంబ పెద్దలకు అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వవలసిన బాధ్యత ఇక్కడి బడులకు ఉందని, అడిగితే దుబాసీని ఏర్పాటు చేస్తారని కౌన్సెలరే తరువాత చెప్పారు. ఈసారి ఆ గడిలో తెలుగు అని రాసి, కింద మా అత్తగారి ఫోను నంబరు కూడా ఇచ్చాను.