కొరియాలో ముందు ఏది: అణ్వాయుధాల తొలగింపా, శాంతి ఒప్పందమా?

ఉత్తర, దక్షిణ కొరియాల మధ్య 1950లో మొదలైన కొరియా యుద్ధానికి ఇప్పటికీ అధికారికంగా ముగింపు లేదు. 1953 జులై 27న పన్‌ముంజొమ్‌లో కుదిరింది కాల్పుల విరమణే. ఐక్యరాజ్యసమితి సేన తరఫున అమెరికా జనరల్, ఎదురుపక్షాన ఉత్తర కొరియా, చైనా సేనల అధిపతులు సంతకాలు చేశారు. దేశం రెండుగా మిగలడం ఇష్టంలేని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ సంతకానికి ఒప్పుకోలేదు. మూడు నెలల్లో రాజకీయ చర్చలు జరపాలని అందులోనే సిఫారసు చేసుకున్నారు. 1954లో జెనీవాలో కూర్చున్నారు గానీ ఏమీ తేలలేదు. (సొంత దేశానికి తిరిగి వెళ్లబోమన్న యుద్ధఖైదీల సంగతి చూసిన తటస్థ దేశాల కమిషన్‌కు అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్యే.)

ఉత్తర కొరియా ముందు అణ్వాయుధాలు వదలాలి, శాంతి సంగతి తర్వాత చూద్దాం అన్నది చాలాకాలంగా అమెరికా పట్టు. బాంబు చేతిలో ఉన్నవాడితో శాంతి సంతకమంటే బాంబుకు బహుమతి ఇచ్చినట్టే అంటారు. యుద్ధం ముగిసిందంటే దక్షిణాన ఉన్న సుమారు 28,500 మంది అమెరికా సైనికులు ఇంకా ఎందుకన్న ప్రశ్న కూడా వస్తుంది. ఈ భయాలను కొట్టిపారేయలేం. కానీ ఫలితం చూడండి. ఉత్తర కొరియాలోని యోంగ్‌బ్యోన్ అణు రియాక్టర్ ఎనిమిదేళ్లపాటు ఆగింది అమెరికాతో కుదిరిన 1994 ఒప్పందం వల్ల. అది కూడా బదులుగా చమురు, కొత్త రియాక్టర్లు ఇస్తామన్నందుకే. అది చెడిపోయాక 2006 నుంచి 2017 మధ్య ఆరు అణుపరీక్షలు జరిగాయి. 2019లో హనోయ్‌లో ట్రంప్, ఉత్తర కొరియా నేత కిమ్ జోంగ్ ఉన్ ఉత్త చేతులతో లేచిపోయారు.

శాంతి ఉద్యమకారులు వరస తిప్పమంటారు, ముందు శాంతి ఒప్పందం అంటారు. 2015 మేలో అమెరికా స్త్రీవాది గ్లోరియా స్టైనమ్, నోబెల్ గ్రహీతలు మైరీడ్ మగ్వైర్, లేమా బోవీ సహా 30 మంది మహిళలు ఉత్తర కొరియా రాజధాని ప్యోంగ్యాంగ్ నుంచి వచ్చి రెండు కొరియాల మధ్య ఉన్న సైన్యరహిత ప్రాంతం దాటారు. నడిచి దాటాలనుకున్నారు, చివరికి బస్సులో దాటాల్సి వచ్చింది. ఉత్తరాదిలో మానవ హక్కుల గురించి గట్టిగా మాట్లాడలేదని వాళ్లను తిట్టిపోశారు. ఆ విమర్శలో పస ఉంది. అయినా వాళ్లడిగిన శాంతి ఒప్పందం మాత్రం సబబైనదే.

ఈ రెండూ కాకుండా చిన్న చిన్న సర్దుబాట్లతో నెట్టుకొద్దామా? రెండు కొరియాల 2018 సెప్టెంబరు సైనిక ఒప్పందం బాగానే పనిచేసింది. రెండు పక్షాలూ చెరి 11 కాపలా శిబిరాలను ఖాళీ చేశాయి. పన్‌ముంజొమ్ సైనికులు తుపాకులు పక్కనపెట్టారు. 2023 నవంబరులో ఉత్తర కొరియా గూఢచార ఉపగ్రహాన్ని పంపడంతో దక్షిణ కొరియా కొంత భాగాన్ని పక్కనపెట్టింది, ఉత్తర కొరియా మొత్తం వదిలేసింది. టెన్షన్ మళ్లీ మొదలైంది. అందుకే నా ఓటు శాంతి ఒప్పందానికి. సరిహద్దు సర్దుబాట్లు అందులో మొదటి అధ్యాయం కావాలి. సంతకాల్లో ఈసారి దక్షిణ కొరియా కూడా ఉండాలి.

దక్షిణాదితో ఏకీకరణ ఇక లేదని 2023 చివర్లో కిమ్ ప్రకటించాక ఆశ పోయిందన్నారు చాలామంది. నాకలా అనిపించదు. శాంతికి ఏకీకరణ అక్కర్లేదు. రెండు జర్మనీలు 1972లో వేర్వేరు దేశాలుగానే ఒప్పందం చేసుకున్నాయి. రెండు కొరియాలు 1991 నుంచి ఐక్యరాజ్యసమితిలో వేర్వేరు సభ్యదేశాలే.

యుద్ధంతో సరిహద్దుకు చెరోవైపు విడిపోయిన కుటుంబాలకు మాత్రం అంతవరకు ఆగే వయసు లేదు. దక్షిణాదిలో పేర్లు నమోదు చేసుకున్న లక్షా ముప్పై వేల మందికి పైగా జనంలో ఎక్కువమంది ఇప్పటికే చనిపోయారు. చివరి కలయిక 2018 ఆగస్టులో జరిగింది. లేఖలకు, వీడియో కాల్స్‌కు ఏ ఒప్పందం కోసమూ ఆగక్కర్లేదు. ఉద్యమకారులు రెండు ప్రభుత్వాలనూ ముందు అడగాల్సింది అదే.